పొట్టి వీడియోలు, పిల్లల భద్రత

రీల్స్, షార్ట్స్ వంటి పొట్టి వీడియోల్లో తర్వాత ఏది రావాలో చూసేవారు కాదు, యాప్ నిర్ణయిస్తుంది. ఏ వీడియో దగ్గర వేలు ఎంతసేపు ఆగిందో గమనించి, అలాంటివే మళ్లీ మళ్లీ తెస్తుంది. పదేళ్ల పిల్లలు దీన్ని తట్టుకోవడం కష్టం, పెద్దలకే అంతంతమాత్రం. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం పొట్టి వీడియోల యాప్ టిక్‌టాక్‌ను నిషేధించింది. అయినా కొద్ది రోజుల్లోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఆ చోటికి వచ్చి చేరింది.

ఉద్దానం ప్రాంతపు ఊళ్లలో తండ్రి వలస వెళ్లి, తల్లి పలాస జీడి పరిశ్రమలో పనికి వెళ్తే, ఇంట్లో ఫోను నాయనమ్మకూ పిల్లలకూ మిగులుతుంది. ఆ ఫోనులో ఖాతా పెద్దల పేరున ఉంటే యాప్ ఆ పిల్లల్నీ పెద్దలుగానే లెక్కిస్తుంది. చిన్నవయసు వారికి పెట్టిన రక్షణలేవీ పనిచేయవు. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాకు కనీస వయసు 13 ఏళ్లు. అసలు వయసు నమోదు చేస్తే వచ్చే టీన్ ఖాతా ప్రైవేటుగా ఉంటుంది, పరిచయం లేనివారి సందేశాలను అడ్డుకుంటుంది. 16 నిండనివారు ఆ కట్టుబాట్లు సడలించుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి.

పిల్లలు తీసి పెట్టే వీడియోలో బడి యూనిఫాం, ఊరి బోర్డు కనిపిస్తే అపరిచితులకు చిరునామా దొరికినట్లే. ఎవరైనా ఫొటోలు అడిగినా, బెదిరించినా ఆ సందేశాలను చెరపకూడదు. కేసుకు అవే సాక్ష్యం. విషయం చెప్పిన బిడ్డను తిడితే రెండోసారి చెప్పదు. పిల్లల సాయానికి ఉన్న చైల్డ్‌లైన్ 1098 రాత్రీపగలూ పనిచేస్తుంది. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే పిలవాల్సిన నంబరు 1930.