విలేకరి గర్భవతి అయితే వార్త ఆగాలా?
(దెగ్లూర్‌లో తెలుగు క్రైస్తవ యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

 

విలేకరి పని, కాన్పు, ఇల్లు, సంఘ సేవ, ఇవన్నీ ఒక్క మనిషి ఎలా చూసుకోవాలో చెప్పమని మమ్మల్ని పిలిచారు. మేము అంటే ఈ సరిహద్దు ఊళ్ళ నుంచి తెలుగు పత్రికలకు వార్తలు పంపే ఆడవాళ్ళం. ఒక్క మాట ముందే చెప్తాం. మాతో తిరిగే మగ విలేకరులకూ పిల్లలున్నారు, ఇల్లుంది. ఈ ప్రశ్న వాళ్ళను ఎవరూ అడగరు.

దెగ్లూర్ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1956లో రాష్ట్రాలను విడగొట్టినప్పుడు ఇదే తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి, మనం ఇటు ఉండిపోయాం. పుట్టిల్లు అటు, అత్తగారిల్లు ఇటు అయినవాళ్ళు ఎందరో. తహసీల్ ఆఫీసులో మరాఠీ, బజారులో ఉర్దూ, ఇంట్లో తెలుగు. ఇక్కడ వార్త రాయాలంటే మూడు భాషల్లో వినాలి, ఒక భాషలో రాయాలి. ఆ పని ఆడవాళ్ళు బాగా చేస్తారు. నీళ్ళ దగ్గర, దవాఖానలో, రేషన్ దుకాణం వరసలో మూడు భాషలూ వాళ్ళ చెవిన పడుతూనే ఉంటాయి.

ఇక మా పని ఎలాంటిదో వినండి. పేరు కంట్రిబ్యూటర్. నెల జీతం ఉండదు. అచ్చయిన వార్తను బట్టి లైన్ డబ్బులు, యాడ్ తెస్తే కమీషన్. నియామక పత్రం ఉండదు. మాలో ఒకరికి ఏడో నెల వచ్చినప్పుడు పత్రిక నుంచి ఫోను వచ్చింది, "రెస్టు తీసుకోమ్మా" అని. ప్రేమగానే అన్నారు. మరుసటి వారం ఆ మండలం ఇంకొకరి చేతికి పోయింది. తీసేశామని ఎవరూ అనలేదు. కాగితం మీద ఉద్యోగమే లేనప్పుడు తీసేయడానికి ఏముంది?

చట్టం లేదా అంటే, ఉంది. ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961లో వచ్చింది. 2017 సవరణతో మొదటి రెండు కాన్పులకు జీతంతో సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. అంతకుముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. 50 మంది, అంతకు పైన ఉన్న చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలి. ఆ సెలవులో ఉన్న మనిషిని ఉద్యోగం నుంచి తీసేయడం నేరం. రోజుకూలి ఆడవాళ్ళకు కూడా ఇది వర్తిస్తుందని ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. రోడ్డు పని చేసే మస్టర్ రోల్ కూలీలు తెచ్చుకున్న తీర్పు అది. చదువుకున్న మేము ఆ కూలీల వెనక నడవాలి. కాబట్టి చెల్లెళ్ళారా, ఏ పత్రికకు, ఏ చానల్‌కు రాసినా మొదట కాగితం అడగండి. పంపిన ప్రతి వార్తకూ తేదీ వేసి ఒక నకలు దాచుకోండి.

అయితే కడుపుతో ఉన్నప్పుడు తిరగడం ఎందుకు అని మీరు అడగొచ్చు. మన మరాఠ్వాడా నుంచి చెరకు కోతకు పోయే జంటలను చూడండి. మొగుడూ పెళ్ళాం కలిపి ఒక "కోయతా", అంటే ఒక కొడవలి లెక్క. ముకద్దం ముందే అడ్వాన్సు ఇస్తాడు. ఒక్క రోజు పనికి రాకపోయినా కోత పడుతుంది. నెలలు నిండుతున్నా ఆమె మోపు ఎత్తాల్సిందే. బీడ్ జిల్లాలో ఇలాంటి ఎందరో ఆడవాళ్ళకు గర్భసంచి తీసేశారన్న వార్త 2019లో దేశమంతా పాకింది, రాష్ట్ర ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. ఆ అక్క తన బాధ మైకు పట్టుకున్న మగవాడికి చెప్పుకోదు. ఎదురుగా ఇంకో నిండు చూలాలు నేల మీద కూర్చుని అడిగితే చెప్తుంది. ఇది మేము కళ్ళారా చూశాం.

అలాగని ప్రాణం మీదికి తెచ్చుకోమని కాదు. చివరి నెలల్లో గుంతల రోడ్డు మీద బండెక్కొద్దు. ఫోనులో సేకరించండి, దగ్గరి ఊళ్ళు చూసుకోండి, దూరపు ఊరికి తోటి విలేకరిని పంపి పేరు ఇద్దరిదీ వేయమనండి.

మాకు బాగా నచ్చిన దారి జహీరాబాద్ దగ్గర ఉంది. అదీ మనలాగే 1956లో గీత మారిన ప్రాంతమే, బీదర్ జిల్లా నుంచి వచ్చింది. అక్కడ మాచ్‌నూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలుపెట్టారు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ దాన్ని నడిపారు. ప్రసారం ఎప్పుడనుకున్నారు? రాత్రి 7 నుంచి 9 దాకా. పొలం పని అయిపోయి, ఆడవాళ్ళు ఇంటికి చేరి, చెవి ఒగ్గే వేళ అది. రేడియో గంటలకు ఆడవాళ్ళు సర్దుకోలేదు, ఆడవాళ్ళ గంటలకు రేడియోనే సర్దుకుంది. పత్రికలవాళ్ళు ఈ ఒక్క సంగతి గ్రహిస్తే మా గొడవ సగం తీరుతుంది.

ఇక మన సంఘం. సీమంతానికి గాజులు, పండ్లు, ప్రార్థన, అన్నీ చక్కగా చేస్తారు, సంతోషం. కానీ బిడ్డ పుట్టిన మూడో నెలలో గ్రామసభకు పోయి రాయాల్సి వస్తే, ఆ రెండు గంటలు బిడ్డను ఎత్తుకునే వాళ్ళు కావాలి. మోషే తల్లి తన బిడ్డకు తాను పాలిచ్చి జీతం తీసుకుందని మనం సండే స్కూల్‌లోనే నేర్చుకున్నాం. దాని మీద ప్రసంగం మాత్రం ఎందుకో వినపడదు. అన్నలారా, ఉయ్యాల ఊపడం మీకూ వచ్చు. మా ఇళ్ళలో ఊపుతున్నారు. గుడ్డలూ ఉతుకుతున్నారు.

జీతం లేని ఉద్యోగం చేస్తున్నవాళ్ళు, ఇంటి దగ్గరుండేవాళ్ళు ప్రధానమంత్రి మాతృ వందన యోజన వదులుకోవద్దు. మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, రెండోసారి ఆడపిల్ల పుడితే 6,000. 26 వారాల జీతానికి ఇది ఏ మూలకూ రాదు, అయినా మన హక్కు. కూడిక అయ్యాక మేము వరండాలో కూర్చుంటాం. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, దవాఖాన కార్డు ఉన్న అక్కలు రండి, ఫారం నింపి అంగన్‌వాడీలో ఇద్దాం. వార్తలు రాయాలని ఉన్న పిల్లలు కూడా అక్కడికే రండి, పెన్నూ కాగితం తెచ్చుకోండి.