మిల్లు వారి కారు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

'ఉద్యోగ విరమణ తర్వాత వ్యాపకం' అన్న అంశం మీద పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో లెక్కలు చూసుకున్నవాణ్ణి. ఉపన్యాసాలు చెప్పడం రాదు. పాత కారు బాగు చేసుకోవడం కొంత వచ్చు. అదే చెబుతాను.

మన బ్యాచ్ వాళ్ళకు మిల్లు వారి కారు గుర్తుండే ఉంటుంది. ఆగస్టు పదిహేనుకు, వార్షికోత్సవానికి ముఖ్య అతిథిని తీసుకొచ్చి ఈ వేపచెట్టు కిందే ఆగేది. లేత నీలం రంగు ఫియట్. స్టీరింగు పక్కనే గేరు. మనం చుట్టూ మూగి అద్దాల్లోంచి లోపలికి తొంగిచూసేవాళ్ళం. ఆ కారు డ్రైవరు మా నాన్న. "తలుపు మెల్లగా వెయ్యండి బాబూ" అని ఆయన అతిథులకు కూడా చెప్పేవారు. అప్పుడు నాకు సిగ్గేసేది. కారు మనది కాదు, డ్రైవరు మాత్రం మా నాన్న అని తోటి పిల్లలు నవ్వేవారు. 1979లో పదో తరగతి పాసై వెళ్ళిపోయేటప్పుడు ఆ కారును మళ్ళీ చూడకపోతే బాగుండుననుకున్నాను.

ఆ బండి గురించి రెండు మాటలు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ ఇటలీ ఫియట్ 1100 నమూనాను ఇక్కడ తయారుచేసింది. 1972లో దానికి ప్రీమియర్ ప్రెసిడెంట్ అని, 1974లో ప్రీమియర్ పద్మిని అని పేరు పెట్టారు. మన జనం మాత్రం చివరిదాకా ఫియట్ అనే పిలిచారు. ఇంజను 1089 సీసీ. మిల్లు వారిది 1973లో రిజిస్టరైన ప్రెసిడెంట్.

2004లో మిల్లు మూతపడి, సామాను పాత ఇనుము కింద అమ్ముతున్నారని తెలిసింది. చూద్దామని వెళ్ళాను. గోదాములో ఊక బస్తాల వెనక కారు కనబడింది. నాలుగు టైర్లూ నేలకు అంటుకుపోయాయి. సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. కాళ్ళ కింద రేకు తుప్పు పట్టి నేల కనబడుతోంది. ఇనుము తూకానికి ఎంత వస్తుందో అంత ఇచ్చి కొనేశాను. ఎందుకు కొన్నానో అప్పుడు నాకే తెలియదు. ఇంట్లోవాళ్ళకు అసలు చెప్పలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మెకానిక్ ఉండేవారు. అందరూ భాయ్ అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన బానెట్ ఎత్తి చూసి, "సారూ, దీన్ని బాగు చేయించుకుంటారా, బాగు చేసుకుంటారా?" అని అడిగారు. తేడా ఏమిటన్నాను. "చేయించుకుంటే డబ్బు పోతుంది. చేసుకుంటే ఆదివారాలు పోతాయి" అన్నారు. నేను ఆదివారాలు ఇచ్చాను.

ఇంజను పట్టేసింది. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండరులోనూ డీజిలు పోసి వారం రోజులు వదిలేశాం. తర్వాత ముందున్న పుల్లీకి పానా వేసి చేత్తో తిప్పాం. మొదట కదల్లేదు. మళ్ళీ పోశాం. మూడో ఆదివారం అది అంగుళం కదిలింది. ఇంజను స్టార్టవడం కన్నా ఆ అంగుళం కదలడమే నాకు ఎక్కువ ఆనందం ఇచ్చింది. కార్బొరేటరు విప్పి కడగడం, డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల సందు అరమిల్లీమీటరుకు కాస్త తక్కువ ఉండేలా పెట్టడం, నాలుగు ప్లగ్గులకూ ఒకటి, మూడు, నాలుగు, రెండు వరుసలో నిప్పురవ్వ అందుతోందో లేదో చూసుకోవడం, ఇవన్నీ నలభై దాటాక నేర్చుకున్నాను. కంప్యూటరు లేని బండిలో ప్రతి జబ్బుకూ కంటికి కనబడే కారణం ఉంటుంది. నిప్పు రావాలి, పెట్రోలు రావాలి, గాలి రావాలి. మూడింట్లో ఏది రాలేదో వెతుక్కుంటూ పోవడమే.

సామాను ఎక్కడ దొరికిందని అడుగుతారు. ఆటోనగర్ పాత సామాను కొట్లలో కొంత. మిగిలింది ముంబయి నుంచి. అక్కడ నలుపు-పసుపు ట్యాక్సీలుగా పద్మినీలు 2023 అక్టోబరు దాకా తిరిగాయి. పాడైన ట్యాక్సీలు ఉన్నన్నాళ్ళూ మనలాంటివాళ్ళకు సామానుకు కొదవ లేకపోయింది.

ఏడాది తర్వాత బండి రోడ్డెక్కింది. ఇక్కడే నేను తప్పు చేశాను. సభలో చెప్పుకోదగ్గ సంగతి కాదు. అయినా ఇవాళ చెప్పాలని వచ్చింది దాని గురించే.

బండి నడుస్తోంది, కానీ కొత్త కార్లు పక్కనుంచి దూసుకుపోతుంటే నాకు చిన్నతనంగా ఉండేది. దీనికి ఊపు తేవాలనుకున్నాను. లేత్ షాపులో సిలిండరు హెడ్డు అడుగుభాగం గీయించి కంప్రెషన్ పెంచాను. పెద్ద కార్బొరేటరు పెట్టాను. సైలెన్సరు మార్చాను. చప్పుడు మారింది, పికప్ మారింది. భాయ్ వద్దన్నారు, వినలేదు. నాన్నను ఎక్కించుకుని ఊరంతా తిప్పాను. ఆయన దిగుతూ, మెల్లగా తలుపు వేసి, "పరిగెత్తడం నేర్పావు సరే. ఆగడం నేర్పావురా?" అన్నారు. డ్రైవరు ఉద్యోగం చేసినవాడి భయం అనుకున్నాను.

2006 వేసవిలో అరకు వెళ్ళాం. నేను, నా భార్య, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి. తిరుగు ప్రయాణంలో అనంతగిరి నుంచి శృంగవరపుకోట వైపు ఘాటు దిగుతున్నాం. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలన్నది నాన్న నియమం. పెట్రోలు కలిసొస్తుందని నేను టాప్ గేరులో పెట్టి, ప్రతి మలుపు దగ్గరా బ్రేకు తొక్కుతూ దిగుతున్నాను. కాలిన వాసన వచ్చింది. పక్క లారీదనుకున్నాను. రెండు మలుపుల తర్వాత పెడలు మెత్తగా కిందికి దిగిపోయింది. బండి ఆగలేదు.

మూడో గేరు వేశాను, తర్వాత రెండు. హ్యాండ్ బ్రేకు లాగాను. ఎడమవైపు కొండను ఆనుకుని ఉన్న కాలువలోకి దించేశాను. ముందు చక్రం, బంపరు, ఒక లైటు పోయాయి. మాకెవరికీ ఏమీ కాలేదు. కుడివైపు ఏముందో మా అమ్మాయి చూసింది. ఆ తర్వాత రెండేళ్ళు ఆ కారు ఎక్కలేదు.

ఆ రాత్రి శృంగవరపుకోట లాడ్జిలో పడుకున్నప్పుడు నాకు ముందు వరుసలో కూర్చున్న మా సైన్సు మాస్టారు గుర్తొచ్చారు. తొమ్మిదో తరగతిలో ఆయన బల్ల మీద గోలీ దొర్లిస్తూ చెప్పారు: వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలు అవుతుందని. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ గంటకు నలభై కిలోమీటర్ల వేగానికి బదులు ఎనభైతో వెళ్ళే బండిని ఆపాలంటే బ్రేకు నాలుగింతల శక్తిని వేడిగా మార్చి బయటికి పంపాలని, నా బండికి సంబంధించిన సంగతిగా నేనెప్పుడూ ఆలోచించలేదు. నా ఫియట్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ములో వేడి త్వరగా బయటికి పోదు. డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూల నుంచి దూరం జరుగుతుంది, లైనింగు పట్టు తగ్గుతుంది. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతబడ్డ కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు. ద్రవం నొక్కితే కదులుతుంది, ఆవిరి నొక్కితే నలుగుతుంది. అందుకే పెడలు మెత్తబడింది. నా ఇంజనుకు కొత్త సామాను, బ్రేకులకు ముప్ఫై మూడేళ్ళ నాటి సామాను. నాన్న ప్రశ్నా, మాస్టారి పాఠమూ ఒకటే. రెండూ నాకు ముందే అందాయి.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. పెంచిన కంప్రెషన్ తగ్గించాలంటే అప్పుడు తెలిసింది, హెడ్డు నుంచి గీసేసిన లోహాన్ని తిరిగి అతికించలేమని. ముంబయి ట్యాక్సీదే ఇంకో హెడ్డు దొరికేదాకా ఏడు నెలలు బండి షెడ్డులోనే ఉంది. అప్పటి నుంచి ఏ మార్పు చేసే ముందైనా రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఒకటి, దీంతో బండి ఆగే శక్తి పెరుగుతుందా, తగ్గుతుందా? రెండు, నచ్చకపోతే మళ్ళీ పాత స్థితికి తేగలనా?

ఈ రెండూ దాటిన మార్పులు చేశాను. బ్రేకు లైనింగులు, వీల్ సిలిండర్లు, గొట్టాలు అన్నీ కొత్తవి. రెండేళ్ళకోసారి బ్రేక్ ఆయిలు మారుస్తాను. పాత డైనమో ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు సరిగా ఛార్జి చెయ్యదు, సిగ్నలు దగ్గర లైట్లు మసకబారతాయి. అందుకని ఆల్టర్నేటరు పెట్టాను. పాత డైనమోను గుడ్డలో చుట్టి దాచాను. హెడ్‌లైట్లకు రిలేలు వేశాను, కరెంటంతా పాత స్విచ్చు గుండా పోకుండా. ముందు సీట్లకు బెల్టులు బిగించాను. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా వస్తోంది. పాత రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోవు, పగులుతాయి. వాటిని తట్టుకునే రకం గొట్టాలతో మార్చాను. ఈ పని మీ ఇళ్ళలో పాత స్కూటరు ఉన్నా చేయించండి, పెట్రోలు కారితే నిప్పు ఎంతో దూరంలో ఉండదు.

డీజిలు ఇంజను పెట్టేయమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో రాసిన వివరాలు మారిపోయేలా ఇష్టం వచ్చినట్టు మార్పులు చెయ్యకూడదు. ఇంజను మార్చాలంటే రిజిస్టరింగ్ అధికారి అనుమతి ఉండాలి. కుర్రవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

2023లో మా బండికి యాభై నిండాయి. యాభై ఏళ్ళు దాటి, ఇంజను, ఛాసిస్, బాడీ పెద్దగా మార్చని సొంత బండ్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు. నంబరులో వీఏ అని ఉంటుంది. మిత్రులు తీసుకోమన్నారు. కానీ ఆ నంబరుతో ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు తప్ప రోజువారీ పనులకు తిప్పకూడదు. నాకు మా అమ్మను శనివారం గుడికి తీసుకెళ్ళాలి. అందుకని ఐదేళ్ళకోసారి మామూలు రెన్యూవలే చేయించుకుంటున్నాను. అది ప్రదర్శనకు పెట్టే బండి కాదు, మా నాన్న నడిపిన బండి. నడవాలి.

ఖర్చు సంగతి దాచను. దాని మీద పెట్టిన డబ్బుతో కొత్త చిన్న కారు వచ్చేది. లాభం కోసం ఎవరూ ఈ పనిలోకి రావద్దు. భాయ్ ఇప్పుడు లేరు. ఆయన చెవి పెట్టి వాల్వుల చప్పుడు విని సందు చెప్పేసేవారు. ఆ విద్యను నేను పావు వంతు కూడా నేర్చుకోలేదు. మన ఊళ్ళో ఇంకా అలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. ఎవరైనా పిల్లలు ఆదివారం మా షెడ్డుకు వస్తే, వాళ్ళను కూడా పిలుస్తాను. తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం పట్టుకు రమ్మనండి, బండి కింద పడుకుని చదువుదాం.

నాన్న 2011లో పోయారు. అంతకు ముందు ఏడాది ఆయన్ని అదే ఘాటు మీద తీసుకెళ్ళాను. మా అమ్మాయి వెనక కూర్చుంది. రెండో గేరులో ఎక్కాం, రెండో గేరులోనే దిగాం. కింద ఆపినప్పుడు ఆయన బండి గురించి ఒక్క మాట అనలేదు. టీ తాగుదామన్నారు.

ఇవాళ పొద్దున మా సైన్సు మాస్టారిని ఇంటి నుంచి ఆ బండిలోనే తీసుకొచ్చాను. వేపచెట్టు కిందే నిలిపాను. భోజనాలయ్యాక అందరూ చూడండి, లోపల కూర్చోండి, ఫోటోలు తీసుకోండి.

తలుపు మాత్రం మెల్లగా వెయ్యండి.