జనరేటరు పక్కన ఒక తెలుగు కాగితం

(బరంపురం లంజిపల్లిలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భాషాహక్కుల సభలో న్యాయవాది లేచి నిలబడితే బడులు, పాఠ్యపుస్తకాలు, ఉపాధ్యాయ నియామకాల ప్రస్తావన వస్తుందని మీరు ఎదురుచూస్తారు. అవి మన ప్రాణప్రదమైన విషయాలే. కాని ఈ రోజు నేను మన ఇళ్లలోని జనరేటరును గురించి, దానిని బిగించడానికి మనం పిలిచే ఎలక్ట్రీషియనును గురించి మాట్లాడదలచాను. దీనికీ తెలుగుకూ సంబంధమేమిటో మా ఇంటి అనుభవమే చెబుతుంది.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గంటకు సుమారు 200 కిలోమీటర్ల గాలి. స్తంభాలు విరిగాయి, తీగలు తెగాయి, రోజుల తరబడి కరెంటు లేదు. మేమొక చిన్న పెట్రోలు జనరేటరు కొన్నాము. ఆ రోజుల్లో కరెంటు పనివాడు దొరకడమే గగనం. దొరికిన మనిషిని ఒక్క ప్రశ్నా అడగలేదు. అతడు రెండు కొసలకూ ప్లగ్గులున్న తీగ ఒకటి తయారుచేసి, ఒక కొసను జనరేటరుకు, రెండవ కొసను గోడలోని సాకెట్టుకు తగిలించాడు. ఇల్లంతా వెలిగింది. మెయిన్ స్విచ్ ఆపకుండా జనరేటరు వేయవద్దని వెళుతూ నాతో ఒడియాలో చెప్పాడు. నేను తల ఊపి ఊరుకున్నాను.

మరునాడు నేను లేని సమయంలో ఇంట్లో జనరేటరు వేశారు. ఆ హెచ్చరిక మా అమ్మకు చేరనేలేదు. అమ్మ ఒడియా మాట్లాడుతుంది గాని చదవలేదు. యంత్రంతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో, హిందీలో ఉంది. అదే వేళకు వీధి చివర స్తంభం మీద ఒక లైన్‌మన్ తెగిన తీగ కడుతున్నాడు. ముట్టుకునే ముందు పరీక్షించే అలవాటున్న మనిషి కనుక బ్రతికాడు. జనరేటరు శబ్దాన్ని బట్టి వెతుక్కుంటూ మా గుమ్మానికి వచ్చి, మా ఇంటి కరెంటు తన ప్రాణం తీసి ఉండేదని అమ్మతో చెప్పి వెళ్లాడు. ఆ సాయంత్రం అమ్మ నన్ను ఒక్కటే అడిగింది: "చదువుకున్నవాడివి, ఆ ముక్క తెలుగులో రాసి గోడకు అంటిస్తే నీ సొమ్మేం పోయేదిరా?"

ఆ ప్రశ్నకు ఈనాటికీ నా దగ్గర జవాబు లేదు.

జరిగినదేమిటో గ్రహించండి. ట్రాన్స్‌ఫార్మరు రెండువైపులా పనిచేసే యంత్రం. వీధి నుంచి వచ్చే 11,000 వోల్టులను అది ఇంటికి తగినట్లు తగ్గిస్తుంది. ఇంటి నుంచి కరెంటు వెనక్కు వెళితే దానిని వేల వోల్టులకు పెంచుతుంది. లైను ఆపి ఉందని నమ్మి పనిచేసేవాడికి అది మృత్యువు. దీనికి విరుగుడు ఛేంజోవర్ స్విచ్. అది ఒకవేళకు ఒకే దారి తెరుస్తుంది: వీధి కరెంటు గాని, జనరేటరు గాని. ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ విడదీసే స్విచ్చినే బిగించమనండి. రెండు కొసల ప్లగ్గుల తీగను ఇంట్లోకి రానివ్వకండి.

ఎలక్ట్రీషియనును పిలిచినప్పుడు మొదట లైసెన్సు అడగండి. అది అవమానించడం కాదు. ఇంటి వైరింగులో ఇటువంటి మార్పులు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే, అర్హతపత్రం గలవారి పర్యవేక్షణలో చేయాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. రెండవది, ఏయే సామాను నడపాలో ముందే లెక్క చెప్పండి. నీళ్ల మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటె ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. మూడవది, ఎర్తింగు చూపించమనండి. నాలుగవది, యంత్రాన్ని వరండాలోనో మెట్ల కిందనో కాక, కిటికీలకు దూరంగా ఆరుబయట పెట్టించండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషిని చంపుతుంది. పెట్రోలు పోయడం యంత్రం ఆపి, చల్లారిన తరువాతనే.

ఇక భాష మాట. 250 వోల్టులు మించిన విద్యుత్ సామగ్రికి హిందీలోగాని ఇంగ్లీషులోగాని, దానితోపాటు జిల్లా స్థానిక భాషలోనూ ప్రమాద సూచిక పెట్టాలని 2010 నాటి భద్రతా నిబంధనలు విధించాయి. వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. మన జిల్లాలో స్థానిక భాష అంటే ఒడియా. అది న్యాయమే. కాని సరిహద్దు జిల్లాలో ఒక ఇంటి పెద్దావిడకు ఏ లిపి వచ్చునో ఆ నిబంధన అడగదు. మనమే అడగాలి.

కాబట్టి పని ఒప్పందాన్ని తెలుగులోనూ ఒడియాలోనూ రెండు ప్రతులు రాయించండి: ఏ స్విచ్చి, ఎంత తీగ, ఎంత కూలి, చెడితే ఎవరి బాధ్యత. ఒప్పందం ఫలానా భాషలోనే ఉండాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఎక్కడా అనలేదు. వివాదం వస్తే కోర్టుకు అనువాదం జతచేయవలసి ఉంటుంది, అంతే. కొన్న వస్తువు, పొందిన సేవల వివరాలు తెలుసుకునే హక్కును 2019 వినియోగదారుల చట్టం గుర్తించింది. అధికారులకు పెట్టుకునే విన్నపం దేశంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వవచ్చునని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతుంది. జవాబు కూడా తెలుగులోనే వస్తుందని అది హామీ ఇవ్వదు. మన విన్నపాన్ని తెలుగులో ఉందన్న కారణంతో తిప్పి పంపకూడదన్నదే దాని సారం.

ఒక్క మాట మరువకండి. ఆ ఎలక్ట్రీషియను ఒడియాలో మాట్లాడడం తప్పు కాదు. అతడు చెప్పినది నిజమే. దానిని ఇంటిలోని వారి భాషలోకి తేవలసినవాడిని నేను. ఆ స్తంభం మీది మనిషి కూడా మన పొరుగువాడే. మన తెలుగు అతని ప్రాణాన్నీ కాపాడాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంట్లో మళ్లీ జనరేటరు వేశారు. అప్పటికి ఛేంజోవర్ స్విచ్ ఉంది. దాని పక్కన అమ్మ చెప్పగా నేను రాసిన నాలుగు తెలుగు వాక్యాలున్నాయి. ఆ రోజు కూడా నేను ఇంట్లో లేను. ఆ అవసరమూ కలగలేదు.

ఇంటికి వెళ్లి ఈ రాత్రే మీ కాగితం రాసుకోండి. మన తీరానికి అక్టోబరు ఏటేటా వస్తుంది. సెలవు.