కంచె మీది కలివిపండు, ఇంట్లో జెల్లీ



జెల్లీ అనగానే మనలో చాలామందికి బజారు సీసా, దాని మీద రంగుల బొమ్మ గుర్తుకొస్తాయి. అది మన వంటింటి వస్తువు కాదని, దానికేవో పెద్ద యంత్రాలు కావాలని అనుకుంటాం. నిజానికి జెల్లీకి కావలసినవి మూడే: పండురసం, పులుపు, చక్కెర. పండ్ల కోసం కాశ్మీరు దాకా పోనక్కర్లేదు. మా యాడికి చుట్టుపక్కల కొండవాలుల్లో, చేల గట్ల మీద నీళ్లు పోసేవాళ్లు లేకుండానే కాసే కలివికాయలు చాలు. కోస్తా జిల్లాల వాళ్లు వీటినే వాక్కాయలంటారు. పప్పులోకి, పచ్చడిలోకి మనమందరం వాడేవే.

మా అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా అదనులో పడితే అదృష్టమే. ఇట్లాంటి నేలలో బతికే ముళ్ల పొద ఇది. కడప జిల్లా లంకమల అడవుల్లో కలివికోడి అనే పక్షి ఉంది. ఈ కలివి పొదల మధ్య తిరుగుతుంది కాబట్టే దానికాపేరు. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్లీ కనబడితే దేశదేశాల వాళ్లు ఆశ్చర్యపోయారు. ఆ పొద కాయనే మనం సంతలో గ్లాసులతో కొలిపించుకుంటున్నాం.

ఇంగ్లీషు వాళ్ల కాలంలో దొరసానులు తమ దేశపు ఎర్రపండ్లు ఇక్కడ దొరక్క, ఈ కాయలతోనే జెల్లీ కాచి మాంసం వంటకాల పక్కన వడ్డించుకునేవారు. రుచి వాళ్లు కనిపెట్టి పోయారు, పండు మాత్రం మనదే.

ఇక జెల్లీ ఎందుకు గడ్డకడుతుందో చూద్దాం. పండులో పెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. 1825లో బ్రాకన్నో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానికా పేరు పెట్టాడు. తగినంత పులుపు, తగినంత చక్కెర తోడైతే ఈ పెక్టిన్ వలలాగా అల్లుకుని రసాన్ని పట్టి నిలుపుతుంది. ఈ మూడింటిలో ఏది తగ్గినా పానకమే మిగులుతుంది. పచ్చిగా, దోరగా ఉన్న కాయలో పెక్టిన్ ఎక్కువ, బాగా మాగితే తగ్గిపోతుంది. అందుకని ముప్పాతిక వంతు దోరకాయలు, పాతిక వంతు పండ్లు కలపండి. దోరవి గడ్డకట్టిస్తాయి, పండినవి రంగూ వాసనా ఇస్తాయి.

చేసే విధానం చెబుతాను, కాగితం, పెన్సిలు తీసుకోండి.

ఒక కిలో కాయలు తీసుకుని తొడిమలు తుంచి, ఉప్పునీళ్లలో రెండు మూడు మార్లు కడగండి. పచ్చికాయలకు పాలు కారతాయి కదా, ఆ జిగురు పోవాలి. స్టీలు గిన్నెలో వేసి కాయలు మునిగేటంత నీళ్లు మాత్రమే పోయండి. పులుపు కాబట్టి అల్యూమినియం గిన్నె, కళాయి లేని ఇత్తడి గిన్నె వద్దు. సన్నని సెగ మీద ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు ఉడికించి, గరిటెతో మెల్లగా మెదపండి. గింజలు నలగకూడదు.

తర్వాత శుభ్రమైన తెల్ల నూలుగుడ్డను తడిపి పిండి, ఉడికినదంతా అందులో మూటకట్టి, కింద గిన్నె పెట్టి రాత్రంతా వేలాడదీయండి. ఇక్కడే అందరికీ తొందర. మూటను పిండితే రసం ఎక్కువ వస్తుంది, నిజమే. కానీ జెల్లీ మసకబారుతుంది. మిగిలిన గుజ్జు పారేయకండి. గింజలు తీసి బెల్లం, మిరపపొడి వేసి మగ్గిస్తే చక్కటి పచ్చడి.

తెల్లవారి రసాన్ని కొలవండి. ఎన్ని గ్లాసుల రసమో అన్ని గ్లాసుల చక్కెర. వెడల్పాటి గిన్నెలో చక్కెర కరిగేదాకా సన్నసెగ, కరిగాక పెద్దమంట. ఒకేసారి నాలుగు గ్లాసులకు మించి పెట్టకండి. ఎక్కువైతే కాగడం ఆలస్యమై పెక్టిన్ చెడుతుంది. పైకి తేలే నురగ తీసేస్తుండండి.

పాకం ఎప్పుడు దించాలి? గరిటెతో కొంచెం తీసి, అడ్డంగా వంచి చూడండి. చుక్క చుక్కగా రాలితే ఇంకా కాలేదు. రెండు చుక్కలు అంచున కలిసి రేకులాగా జారితే అయింది. చల్లటి పళ్లెంలో ఒక చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో తోస్తే ముడతపడాలి. వంటకు వాడే థర్మామీటరు ఉంటే 105 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర దించండి. జ్వరం చూసేది మాత్రం పెట్టకండి, పగిలిపోతుంది.

సీసాలు, మూతలు పది నిమిషాలు మరిగించి ఆరబెట్టి, అవి వేడిగా ఉండగానే వేడి జెల్లీ పోయండి. పూర్తిగా చల్లారేదాకా కదిలించవద్దు. పూర్వం పైన మైనం కరిగించి పోసేవారు. ఇప్పుడు అది మంచిది కాదంటున్నారు, బిగువైన మూతే మేలు. తెరిచిన సీసాలో ఎప్పుడూ పొడి చెంచానే ముంచండి. బూజు కనబడితే పైపైన తీసి వాడకండి, మొత్తం పారేయండి.

మన ప్రభుత్వ ఆహార ప్రమాణాల ప్రకారం అమ్మకపు జెల్లీలో కరిగిన ఘనపదార్థం 65 శాతానికి, పండు 45 శాతానికి తగ్గకూడదు. ఆ ఘనపదార్థంలో ఎక్కువ భాగం చక్కెరే. చక్కెర అంత ఉండబట్టే నిలవుంటుంది. అంటే మన ఇంటి జెల్లీ కూడా మూడింట రెండువంతుల దాకా చక్కెరే అన్నమాట. అందుకని ఇది మందు కాదు, బలం కాదు, రుచి మాత్రమే. పిల్లలకు చపాతీ మీద ఒక చెంచా చాలు. మధుమేహం ఉన్నవారికి వద్దు. కాచడంలో సి విటమిను చాలావరకు పోతుంది, అది కావాలంటే కాయ పప్పులో వేసుకోవడమే మేలు.

ఇంకొక్క హెచ్చరిక. గుర్తు తెలియని అడవిపండు ఎంత ఎర్రగా, నల్లగా మెరిసినా ముట్టకూడదు. అడవి ఆముదం గింజలు, గురివింద గింజలు ఆటల్లో నోట్లో వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలకు ఏది తినదగిందో, ఏది కాదో చేతిలో పెట్టి చూపించండి.

చివరగా, ఈ పండ్లు తెచ్చేవాళ్ల గురించి ఒక మాట. 1876-78 నాటి కరువులోనూ, గంజికేంద్రాలు నడిచిన 1952 కరువులోనూ ఈ సీమ జనం అడవి కాయలు, ఆకులు అలములతో కడుపు నింపుకున్నారు. మనకు సరదా అయిన ఈ పండు, వాళ్లకు ఒకప్పుడు అన్నం. ఈనాటికీ పొద్దున్నే కొండెక్కి, ముళ్లకు చేతులు గీరుకుపోతుంటే గంపెడు కాయలు కోసుకొచ్చే ఆడవాళ్లున్నారు. బజారు సీసాకు వేసిన ధర మారుమాట్లాడకుండా ఇచ్చే మనం, ఆమె దగ్గర గ్లాసుకు రెండు రూపాయలు తగ్గించమని గంటసేపు బేరమాడతాం. అది న్యాయమేనా? మీరే ఆలోచించండి.

మీరే కోసుకునేటప్పుడు కొమ్మలు విరచకండి. పొదకు కొన్ని పండ్లు మిగల్చండి, పక్షులకూ గొర్రెలకాసే పిల్లలకూ వాటా ఉంది. పెరట్లో కాస్త చోటుంటే, తిన్న పండు గింజలు ఎండిపోకముందే పాతిపెట్టండి, పాతబడితే మొలవవు. మొదటి ఏడాది కాసిని నీళ్లు పోస్తే, మూడో ఏడాదికల్లా కాపు మొదలవుతుంది. ఇంటికి ముళ్లకంచె, పప్పులోకి పులుపు, ఏడాదికి నాలుగు సీసాల జెల్లీ. కరువునేల మనకింత ఇస్తున్నప్పుడు పుచ్చుకోవడం మనకు తెలియాలి కదా!