కృత్రిమ నఖములు – చర్మమునకు ముప్పు

ఆషాఢమాసమున గోరింటాకు నూరి గోళ్లకు పెట్టుకొనుట మన యిండ్లలో తరతరముల ఆచారము. ఆ రంగు గోటికి పట్టి, గోరు పెరిగినకొలది తొలగిపోవును. నేడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నము వంటి నగరముల బ్యూటీ పార్లర్లలో మరియొక అలంకారము వ్యాపించినది. అదియే జెల్, ఆక్రిలిక్ అను పేర్లతో పిలువబడు కృత్రిమ నఖము. దాని సొగసుతోపాటు దానివలని ముప్పును కూడ తెలిసికొనుట మంచిది.

ఈ నఖములను తయారుచేయుటకు ముఖ్యముగా వాడునవి మెథాక్రిలేట్లు అను రసాయనములు. జెల్ పద్ధతిలో చిక్కని ద్రవమును గోటిపై పూసి, అతినీలలోహిత కిరణముల నిచ్చు దీపము క్రింద వ్రేళ్లుంచుదురు. అప్పుడు ద్రవములోని అణువులు గొలుసువలె పెనవేసికొని గట్టి పెంకుగా మారును. పూర్తిగా గట్టిపడిన పెంకువలన సాధారణముగా బాధ లేదు. చిక్కంతయు గట్టిపడని ద్రవముతోనే. అది గోటి చుట్టునున్న చర్మమునకు అంటినను, కాంతి చాలక లోపలిపొర పచ్చిగా మిగిలినను, ఆ రసాయనము చర్మములోనికి ఇంకును.

శరీరమునందలి రక్షకకణములు దానిని శత్రువుగా గుర్తుంచుకొనును. నెలల తరబడి ఏ బాధయు కనిపింపకపోవచ్చును. ఒకమారు ఎలర్జీ ఏర్పడిన పిమ్మట, రవంత తగిలినను ఒకటి రెండు దినములలో వ్రేళ్లకొనలు ఎఱ్ఱబడి, దురదపెట్టి, పగులును. గోరు అడుగుచర్మమునుండి విడివడవచ్చును. చేతితో తాకుటవలన కనురెప్పలపైనను, మెడపైనను దద్దురు లేచును. కావున పలువురు అసలు కారణమును గుర్తింపలేకున్నారు.

నఖములు తీసివేసినచో దద్దురు తగ్గును. కాని ఎలర్జీ సాధారణముగా జీవితాంతము నిలుచును. దంతవైద్యులు పంటిగుంతలు పూడ్చు పదార్థములలోను, కీళ్లశస్త్రచికిత్సలో వాడు ఎముక సిమెంటులోను, మధుమేహరోగులు ఒంటికి అంటించుకొను కొన్ని పరికరముల జిగురులోను ఈ జాతి రసాయనములే యున్నవి. వేడుకకు తెచ్చుకొన్న ఎలర్జీ అవసరమైన చికిత్సకు అడ్డుపడుట ఎంత విచారకరము!

బ్రిటిషు చర్మవైద్యుల సంఘము 2018లో ఈ విషయమై ప్రజలను హెచ్చరించినది. ఐరోపా సమాఖ్య 2020లో, హెచ్.ఇ.ఎం.ఎ. అను మెథాక్రిలేటుగల నఖద్రవములను వృత్తి నిపుణులే వాడవలెననియు, ఎలర్జీ కలుగవచ్చునను హెచ్చరికను వానిపై ముద్రింపవలెననియు నిబంధించినది.

పార్లర్లలో పనిచేయు యువతులకు ముప్పు మరింత ఎక్కువ. అలంకరించుకొనువారికి ద్రవము అప్పుడప్పుడు తగులును. వీరికి దినదినము తగులును. పలుచని రబ్బరు తొడుగులను ఈ రసాయనములు కొద్ది నిమిషములలోనే దాటిపోవును. కావున ద్రవము తగిలిన తొడుగును వెంటనే మార్చవలెను. ఈ జబ్బు సోకినచో వారికి పోవునది సొగసు కాదు, జీవనోపాధి.

కావున గృహిణులకు మనవి. ఇంటిలో స్వయముగా ఈ ద్రవములను పూసికొనకుండుట మేలు. పార్లరుకు వెళ్లినను, ద్రవము చర్మమునకు అంటకుండ చూడుడు. అంటినచో దీపము వెలిగింపకముందే తుడిపించుకొనుడు. దురద, ఎఱుపు కనిపించినచో మరల పూయించుకొనక చర్మవైద్యుని దర్శింపుడు. నఖముల సంగతి తప్పక చెప్పుడు. వీపుపై చిన్నచిన్న పట్టీలంటించి రెండు దినములుంచి చేయు పరీక్షవలన కారణము తెలియును. దంతవైద్యునకును ఆ ఫలితమును తెలుపుడు.

అలంకారము తప్పు కాదు. దానికి చెల్లించు మూల్యమును ముందుగా ఎఱిగియుండుట వివేకము.