పిల్లల ఆటలో సమాధాన పాఠము

(సండే స్కూలు ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల కూటములో చేసిన ప్రసంగము)



మత్తయి సువార్త 11వ అధ్యాయములో యేసు ప్రభువు తన తరమువారిని సంతవీధిలోని పిల్లలతో పోల్చారు. ఆ పిల్లలు ఒకసారి పెండ్లి ఆట, మరొకసారి చావింటి ఆట ఆడబోతారు. తోటివారు రెండింటికీ కలిసిరారు. దానిమీద తగవు. పిల్లల ఆటను, అందులోని తగవును కూడ మన ప్రభువు గమనించారు. మనము గమనిస్తున్నామా?

కొన్ని సంవత్సరముల క్రిందట, వేసవి బైబిలు బడి విరామములో, గుడి వెనుక వేపచెట్టు క్రింద కొందరు పిల్లలు ఆడుకొంటున్నారు. ఏమి ఆట అని అడిగితే, "కమిటీ ఆట, అయ్యగారూ" అన్నారు. ఒకడు సెక్రటరీ, ఒకడు ట్రెజరర్, ఒక పాప అయ్యగారు. "లెక్కలు చూపించు!" అని ఒకడు బల్ల గుద్దాడు. "మీ గుడికే రాను పో!" అని ఇంకొకడు చెప్పులు వేసుకొని లేచిపోయాడు. అయ్యగారి వేషములోనున్న పాప చేతులెత్తి, "ప్రార్థన చేసుకొందాము" అని అరచి కూటము ముగించింది.

నేను నవ్వబోయి నవ్వలేకపోయాను. ముందు ఆదివారము మేము పెద్దలము చేసినది అదే. తీర్చవలసిన తగవును ప్రార్థనతో కప్పి ఇంటికి వెళ్ళినవాడను నేనే.

పిల్లలు మన ఉపదేశము కన్న మన నడతనే ఆడి నేర్చుకొంటారు. బొమ్మల పెండ్లి, గుజ్జనగూళ్ళు, బడి ఆట, బస్సు ఆట ఇవన్నీ వారి పాఠశాలలే. వేషము వేసిన పిల్లవాడు అప్పటి తన కోరికను అణచుకొని, ఆ వేషమునకు తగిన నియమమునకు లోబడునని రష్యా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వైగోట్‌స్కీ 1933లో ఒక ప్రసంగములో వివరించాడు. మన ఇండ్లలో చూడండి. తనకు కోపము వస్తే క్రిందపడి ఏడ్చే నాలుగేండ్ల పాప, అమ్మ వేషము వేస్తే బొమ్మను ఒడిలోకి తీసుకొని ఓదారుస్తుంది.

ఈ గుణమును మనము ఎట్లు ఉపయోగించుకోవాలి? లక్కపిడత కొరకు ఇద్దరు పెనుగులాడితే, దానిని లాగుకొని మూల పెట్టకండి. మీరే చుట్టమై ఆటలోనికి వెళ్ళండి. "ఎండలో వచ్చానమ్మా, ఆకలిగా ఉంది. అన్నము ఎవరు వండుతారు, కూర ఎవరు?" అని అడగండి. పని పంచుకొనుట వారే నేర్చుకొంటారు.

సండే స్కూలులో ఆదికాండము 26వ అధ్యాయము ఆడించవచ్చు. రెండు చాపలు పరచి బావులనండి. కొందరు ఇస్సాకు పనివారు, కొందరు గెరారు కాపరులు. కొంతసేపటికి వేషములు మార్చండి. "ఇప్పుడు దాహముగా ఉన్నవి నీ పశువులు. ఏమని అడుగుతావు?" అనండి. ఇస్సాకు వలె వేరొక బావి త్రవ్వుదామని ఒకరనవచ్చు; ఉదయము మీరు, సాయంత్రము మేము అని ఒకరనవచ్చు. జవాబు మీరు అందించకండి.

అయితే ఏడ్చుచున్న బిడ్డతో ఆట పనికిరాదు. కొట్టుకొంటుంటే ముందు విడదీయండి, ఓదార్చండి; ఆట తరువాత. తప్పు చేసినవానిని అందరియెదుట వాని తప్పునే ఆడించి సిగ్గుపరచకండి. "సారీ చెప్పు" అని మెడ వంచితే మాట వచ్చును గాని మనస్సు రాదు.

ఆ వేసవిలో నేను మత్తయి 18వ అధ్యాయము మరల చదివి, ఆ ఇద్దరు పెద్దల ఇండ్లకు ఒంటరిగా వెళ్ళాను. మొదట నా తప్పు ఒప్పుకొన్నాను. మూడు సాయంత్రములు పట్టింది. తగవు అంతా తీరలేదు గాని మాట కలిసింది.

ఈ శతవార్షికమున మన పితరులు కట్టిన గుడులను తలచుకొంటున్నాము. ఆ గుడుల వెనుక చెట్ల నీడలో మన పిల్లలు రేపు ఏ ఆట ఆడుదురో, అది ఈ దినమున మన చేతులలో ఉన్నది. సమాధానకర్తయైన దేవుడు మన గృహములను దీవించును గాక. ఆమేన్.