చిరకారికి తగిన పాఠశాల

ఐదవ తరగతి చదివే పిల్లవాడున్న ఇంటికి ఆ ఏడు బంధువులు వచ్చినా, ఇరుగుపొరుగువారు వచ్చినా, ప్రసంగం చివరకు ఒక్క ప్రశ్న దగ్గరకే చేరుతుంది. "వీడిచేత ప్రవేశపరీక్ష వ్రాయిస్తున్నారా?" అని. మా ఇంట్లో పోయిన సంవత్సరమంతా ఇదే జరిగింది. మా రెండవవాడికి పదేండ్లు నిండాయి. వాడిని గురించి ఉపాధ్యాయులు ఏటేటా ఒకే మాట వ్రాసి పంపుతున్నారు: తెలివి ఉన్నది, శ్రద్ధ చాలదు. మా అమ్మగారు ఇదే సంగతిని మరొక విధంగా చెబుతారు. "వాడికి తొందర అన్నది పుట్టుకతో రాలేదు నాయనా" అంటారు.

స్నానానికి వెళ్లినవాడు అరగంటకు గాని బయటకు రాడు. పది లెక్కలిస్తే నాలుగు చేసి, ఐదవదానిని మరొక దారిన చేయవచ్చునేమోనని చూస్తూ కూర్చుంటాడు. తక్కినవి అట్లాగే ఉండిపోతాయి. మా ఇల్లు రైల్వేస్టేషనుకు దగ్గర. కూత విని, వచ్చింది ఏ బండో, ఎంత ఆలస్యంగా వచ్చిందో పక్కమీదనుంచి లేవకుండానే చెప్పగలడు. ఈ విద్యకు మార్కులు వేసే బడి నాకింతవరకు కనబడలేదు.

ఇట్టి పిల్లలు మన పెద్దలకు తెలియనివారు కారు. మహాభారతం శాంతిపర్వంలో గౌతమముని కుమారుడైన చిరకారి కథ ఉన్నది. ఏ పనినైనా చాలాసేపు ఆలోచించి గాని చేయడు కాబట్టి అతనికి ఆ పేరు. లోకులు సోమరి అన్నారు, మందబుద్ధి అన్నారు. ఒకనాడు తండ్రి భార్యమీద ఆగ్రహించి, తల్లిని వధించవలసిందని కుమారునికి ఆజ్ఞ ఇచ్చి అడవికి వెళ్లిపోయాడు. తండ్రి ఆజ్ఞ దాటరాదు, తల్లిని చంపరాదు. చిరకారి అలవాటు చొప్పున ఆలోచనలో పడ్డాడు. ఆ ఆలోచన తెగకముందే తండ్రికి పశ్చాత్తాపం కలిగింది. పరుగుపరుగున తిరిగివచ్చి చూస్తే భార్య బ్రతికి ఉన్నది. ఆ కుమారునికి మనం రెండు గంటల పరీక్ష పెట్టి ఉంటే ఎన్ని మార్కులు వచ్చేవో ఊహించుకోవచ్చు.

అయితే నిదానంగా ఉండే ప్రతి పిల్లవాడూ చిరకారి కాడు. ఈ మాట తండ్రినైన నాకు నేనే పలుమార్లు చెప్పుకోవలసి వచ్చింది. పాఠం మరీ తేలిక కావడంవల్ల విసుగుపుట్టి ఊరుకునే పిల్లలున్నారు. అర్థం కానిదానిని కప్పిపుచ్చడానికి నిర్లక్ష్యం నటించేవారున్నారు. నల్లబల్లమీది అక్షరాలు ఆనక దిక్కులు చూసేవారూ ఉన్నారు. వారికి కావలసింది మందలింపు కాదు, కళ్లజోడు. కనుక ముందుగా కన్నూ చెవీ పరీక్ష చేయించడం మంచిది. ఆ తరువాత, పిల్లవాడు తనంతట తాను ఎంచుకున్న పనిలో ఎట్లా ఉంటాడో కొన్నాళ్లపాటు, వాడికి తెలియకుండా, గమనించాలి. అక్కడ కూడా సగంలో వదిలిపెడుతున్నాడంటే అది ఒక సంగతి. అక్కడ ఆకలి కూడా మరచిపోతున్నాడంటే అది పూర్తిగా వేరు సంగతి.

ఏరి చేర్చుకునే పాఠశాలలు మన ప్రాంతంలో నిన్న మొన్న వెలిసినవి కావు. 1962లో విజయనగరం దగ్గర కోరుకొండలో సైనిక పాఠశాల ప్రారంభమైంది. జాతీయ రక్షణ అకాడమీకి బాలురను సిద్ధం చేయడం దాని ఆశయం. 2021-22 నుంచి బాలికలను కూడా చేర్చుకుంటున్నారు. 1971లో, పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా, నాటి నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల ఏర్పడింది. మరుసటి ఏడు గుంటూరు దగ్గర తాడికొండలోను, హిందూపురం దగ్గర కొడిగెనహళ్లిలోను అట్టివే వచ్చాయి. పల్లెల్లోని తెలివిగల పేదపిల్లల కోసం ఏర్పడినవి ఇవి. 1986 జాతీయ విద్యావిధానంతో జవహర్ నవోదయ విద్యాలయాలు జిల్లాలకు విస్తరించాయి. వాటిలో కనీసం నూటికి డెబ్బైఐదు స్థానాలు గ్రామీణ విద్యార్థులవి. మావాడు పట్నపు పిల్లవాడు కనుక, మిగిలిన పావువంతులోనే వాడి పోటీ. ఇది న్యాయమే. పుస్తకాల షాపు వీధిచివర ఉన్నవాడికీ, పుస్తకం కోసం బస్సెక్కవలసినవాడికీ ఒకే గీత గీయరాదు గదా.

ఇక పరీక్ష సంగతి. ఆరవ తరగతికి నవోదయవారు పెట్టే పరీక్షలో ఎనభై ప్రశ్నలు, రెండు గంటల కాలం. అంటే ప్రశ్నకు నిమిషంన్నర. వాటిలో నలభై ప్రశ్నలు బొమ్మలను పోల్చి చూసేవి. తక్కినవి లెక్కలు, భాష. సైనిక పాఠశాలల పరీక్షలో నూట యాభై నిమిషాలకు నూట ఇరవైఐదు ప్రశ్నలు. అక్కడ ప్రశ్నకు డెబ్బైరెండు సెకండ్లు. మావాడు బొమ్మలోని తేడా కనిపెట్టిన తరువాత, ఆ బొమ్మకు ఒక పేరు పెట్టడానికే అంతకంటె ఎక్కువసేపు తీసుకుంటాడు.

రానిదానిని విడిచి ముందుకు సాగడం, చివర కాలం మిగిలితే వెనక్కు రావడం, నవోదయ పరీక్షలో తప్పుకు మార్కులు తగ్గించరు కనుక ఏ గడినీ ఖాళీగా ఉంచకపోవడం - ఇవి నేర్పితే వచ్చే కిటుకులు. రోజుకు ముప్పావుగంట చొప్పున రెండు నెలలు చాలునని నా అనుభవం. అంతకుమించి, మూడవ తరగతినుంచే పిల్లవాడిని శిక్షణకేంద్రంలో పెట్టి తెల్లవారుజామున లేపే పద్ధతి నాకు సమ్మతం కాదు. ఆ విధంగా సంపాదించిన స్థానం పిల్లవాడిది కాదు, వెనకనుంచి నెట్టినవారిది. బడిలో చేరిన మరునాడు నెట్టేవారు వెంట ఉండరు.

పరీక్ష రెండు గంటల్లో ముగుస్తుంది. పిల్లవాడు అక్కడ గడపవలసినది ఏడేండ్లు. మనం దీనిని గురించి తక్కువగా ఆలోచిస్తాము. వసతిగృహంలో లేవడానికి, వ్యాయామానికి, భోజనానికి, చదువుకు, నిద్రకు గంటలుంటాయి. నిదానస్తుడైన పిల్లవాడు ఆ గంటల మధ్య నలిగిపోతాడని మా ఇంటావిడ భయం. నాకు మొదట అదే భయం ఉండేది. కాని ఇంట్లో పదిసార్లు పిలిచినా లేవనివాడు గంటకు ఒక్కసారే లేవవచ్చును. గంటకు వాడిమీద కోపం లేదు; ఆశలూ లేవు. ఇంట్లో మనం రోజంతా వాడిని తరుముతూ ఉంటాము గనుక, తనను తాను తరుముకోవలసిన అవసరం వాడికి ఎన్నడూ కలగలేదేమో!

మరొక మార్పు కూడా ఉన్నది. ఇంతకాలం తరగతిలో శ్రమపడకుండానే ముందుండినవాడు అక్కడ తనవంటివారు డెబ్బైతొమ్మిదిమంది మధ్య కూర్చుంటాడు. కొందరికి అది మేలుకొలుపు. కొందరు మొదటి పరీక్షలోనే తాము మొద్దులమని నిర్ణయించుకుని, ఆ నిర్ణయాన్ని ఎవరికీ చెప్పరు. ఏ పాఠశాల ఈ రెండవరకం పిల్లవాడిని కనిపెట్టగలదో అది మంచి పాఠశాల. అందువల్ల బడి చూడబోయినప్పుడు మొదటి ర్యాంకులెన్ని అని నేను అడగలేదు. తరగతిలో నలభైయవవాడు సాయంకాలం ఏమి చేస్తాడని అడిగాను. గ్రంథాలయం తాళం ఏ వేళకు తీస్తారు, పుస్తకం గదికి తీసుకుపోనిస్తారా అని అడిగాను. వీటికి సమాధానం ప్రధానోపాధ్యాయులకంటె ఎనిమిదవ తరగతి పిల్లవాడు బాగా చెబుతాడు. నవోదయలో తొమ్మిదవ తరగతికి వచ్చినవారిలో కొందరిని ఒక ఏడాదిపాటు వేరే భాషాప్రాంతపు విద్యాలయానికి పంపుతారు. పదకొండేండ్లవాడి కోసం సంతకం చేసే తల్లిదండ్రులు పద్నాలుగేండ్లవాడిని కూడా తలచుకుని చేయాలి.

పదకొండవ ఏట తలరాత వ్రాసేయవచ్చునన్న నమ్మకం మనకే కాదు, పరులకూ ఉండేది. ఇంగ్లండులో 1944 విద్యాచట్టం తరువాత, ఆ వయసులో పరీక్ష పెట్టి, నెగ్గినవారిని గ్రామర్ స్కూళ్లకు, తక్కినవారిని వేరు బడులకు పంపే ఏర్పాటు విస్తరించింది. 1965లో ప్రభుత్వమే ఆ విభజనను మానుకొనవలసిందని స్థానిక విద్యాధికారులను కోరింది. అయినా 160కి పైగా గ్రామర్ స్కూళ్లు నేటికీ నిలిచి ఉన్నాయి. మన దగ్గర ఆరవ తరగతికి నవోదయ పరీక్ష ఒక్కసారే వ్రాయవలె. అయితే ఖాళీలుంటే తొమ్మిదవ తరగతికి మరొక పరీక్ష ఉన్నది. సైనిక పాఠశాలలకూ తొమ్మిదవ తరగతిలో ప్రవేశం ఉన్నది. ఇది తెలిసిన తరువాత మా ఇంట్లో గొంతులు కొంచెం తగ్గాయి.

మావాడు పరీక్ష వ్రాశాడు. ఎనభైలో చివరి తొమ్మిది ప్రశ్నలకు ఆలోచించకుండానే గుర్తులు పెట్టానని, అది తనకు సిగ్గుగా ఉన్నదని చెప్పాడు. అయినా స్థానం వచ్చింది. ఆ రాత్రి భోజనాల దగ్గర, వెళతావా, ఇక్కడి హైస్కూలులోనే చదువుతావా, నీ ఇష్టమని చెప్పాము. రెండు రోజులు మాట్లాడలేదు. మేమూ అడగలేదు, ఆ రెండు రోజులూ మాకు కష్టంగానే గడిచాయి. మూడవ రోజు సాయంకాలం వచ్చి నా కుర్చీ పక్కన నిలుచున్నాడు.

"నాన్నగారూ, అక్కడ రాత్రిపూట రైలు కూత వినిపిస్తుందా?"

బడిని గురించి నేను అడిగి తెలుసుకున్నవాటిలో అది లేదు. వచ్చే ఆదివారం ఇద్దరమూ వెళ్లి, పొద్దుపోయేదాకా ఉండి వినివద్దామని అనుకున్నాము.